పోరస్ తారు రోడ్డు మోడల్: 20 మి.మీ. వానకే పైన నీళ్ళు నిలుస్తున్నాయి, తేడా ఎక్కడ?

వానచుక్క:
అందరికీ నమస్కారం. ఎంటెక్ ప్రాజెక్టులో పోరస్ ఆస్ఫాల్ట్ పొర గుండా వాన నీళ్ళు ఎలా బయటికి పోతాయో మోడల్ చేస్తున్నాను. మామూలు తారు మిక్స్‌లో గాలి ఖాళీలు 3–5 శాతం ఉంటే ఇందులో 20 శాతం దాకా ఉంటాయి. నీళ్ళు పైన నిలవకుండా పొరలోకి దిగి, పక్క వాలుకి అంచు దాకా వెళ్ళి బయట పడాలి. లారీ వెనక తుంపర లేవదు, రాత్రిళ్ళు హెడ్‌లైట్ల మెరుపు తగ్గుతుంది.

నేను తీసుకున్నవి: ఒకవైపుకే వాలిన రెండు లేన్ల రోడ్డు, వెడల్పు 7 మీటర్లు, క్యాంబర్ (రోడ్డు అడ్డ వాలు) 2.5 శాతం. పొర మందం 50 మి.మీ., ఖాళీలు 20 శాతం. ల్యాబ్‌లో కోర్ (మిక్స్ నమూనా ముక్క) మీద ఫాలింగ్ హెడ్ టెస్ట్ (పైన నిలిపిన నీటి మట్టం ఎంత వేగంగా పడుతుందో చూసేది) చేస్తే పర్మియబిలిటీ, అంటే నీళ్ళను పోనిచ్చే గుణం, సెకనుకు 1 సెం.మీ. వచ్చింది. కింద పొరలోకి నీళ్ళు దిగవనుకున్నాను. పొర లోపల నీటి మట్టం ఎలా మారుతుందో చెప్పే బూసినెస్క్ సమీకరణం వాడాను, ఒక్క దిశలోనే, పైథాన్‌లో.

గంటకు 20 మి.మీ. వాన ఆపకుండా ఇస్తే అరగంట కల్లా పొర నిండిపోయి దాదాపు వెడల్పంతా పైన నీళ్ళు చూపిస్తోంది. మా గైడ్ చూసి "సెకనుకు 1 సెం.మీ. అంటే గంటకు 36,000 మి.మీ. అమ్మా. 20 మి.మీ.కి ఎలా మునుగుతుంది? యూనిట్లు చూసుకో" అన్నారు. ఎన్నిసార్లు చూసినా యూనిట్లలో తేడా దొరకడం లేదు. రివ్యూ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

తారుడబ్బా:
గైడ్ గారు చెప్పిందే నాకూ అనిపిస్తోంది. మేం ఒక పార్కింగ్‌లో ఇలాంటి మిక్స్ వేసి ట్యాంకర్‌తో నీళ్ళు వదిలితే చూస్తుండగానే మాయమయ్యాయి. మీటర్లకి, సెంటీమీటర్లకి మధ్య ఎక్కడో వంద తేడా కొట్టి ఉంటుంది.

డచ్‌గడ్డ:
యూనిట్లు బాగానే ఉన్నాయి, మోడల్ కూడా. కంప్యూటర్ పక్కన పెట్టి చేత్తో లెక్క వేసి చూడండి.

పొర లోపల నీళ్ళను పక్కకు నడిపించేది రోడ్డు వాలు ఒక్కటే. డార్సీ సూత్రం (రంధ్రాల గుండా ప్రవాహం వాలుకి అనులోమంగా ఉంటుందనేది) ప్రకారం ఒక మీటరు పొడవు రోడ్డుకి, పొర నిండా నీళ్ళున్నా సరే, అంచు దగ్గర బయటికి వచ్చేది పర్మియబిలిటీ × మందం × వాలు. అంటే 0.01 × 0.05 × 0.025. సెకనుకు 12.5 మిల్లీలీటర్లు. అదే మీటరు పొడవు మీద గంటకు 20 మి.మీ. చొప్పున పడే వాన సెకనుకు 39 మిల్లీలీటర్లు. 39 లోపలికి, 12.5 బయటికి. మునగక ఏమవుతుంది?

మీ గైడ్ గారి 36,000 కూడా తప్పేం కాదు, కాకపోతే అది నీళ్ళు నిట్టనిలువుగా దిగేటప్పటి సంఖ్య. పక్కకు పారేటప్పుడు తోపు 40లో ఒక వంతే, కాబట్టి 900. ఆ నీళ్ళు వెళ్ళే దారి మందం 50 మి.మీ., వాన పట్టే వెడల్పు 7 మీటర్లు, అంటే 140 రెట్లు. 900ని 140తో భాగిస్తే గంటకు 6.4 మి.మీ. ఈ రోడ్డు ఆగకుండా మోయగలిగిన వాన అంతే. జాతరకి ఊరి చుట్టూ ఉన్న పొలాల్లోంచి జనం వచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు ఒకే సందులో పడితే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

తారుడబ్బా గారు ట్యాంకర్‌తో చూసింది నిలువుగా దిగడం. చుట్టూ పొడిగా ఉన్న పొరలోకి నీళ్ళు దిగి కనబడకుండా పోయాయి. అవి అంచు దాటి బయటికి ఎప్పుడు వచ్చాయో ఎవరైనా చూశారా?

తారుడబ్బా:
చూడలేదు. బిల్లు కోసం ఫోటో తీసుకుని వచ్చేశాం.

వానచుక్క:
అన్నా, చాలా థాంక్స్. ఇంత చిన్న లెక్క మొత్తం విషయం చెప్పేస్తుంటే ఇక మోడల్ ఎందుకు? 6.4 అని రాసి ప్రాజెక్టు ముగించొచ్చా?

పైథాన్_పంతులు:
ముగించకూడదు. 6.4 అనేది వాన ఆగకుండా గంటల తరబడి పడితే వచ్చే స్థిర స్థితి. మన దగ్గర వాన అలా పడదు, కాబట్టి కాలం లెక్కలోకి రావాలి.

ముందు నిల్వ చూడండి. 50 మి.మీ. పొరలో 20 శాతం ఖాళీ అంటే 10 మి.మీ. వాన పడుతుంది. గంటకు 50 మి.మీ. వాన వచ్చిందనుకుందాం. లోపల నీటి మట్టం గంటకు 250 మి.మీ. చొప్పున లేస్తుంది, 12 నిమిషాల్లో పొర నిండుతుంది. ఈలోగా పక్కకు ఎంత దూరం పోయాయి? రంధ్రాల్లో నీటి వేగం పర్మియబిలిటీ × వాలు ÷ ఖాళీ, అంటే సెకనుకు 1.25 మి.మీ., గంటకు నాలుగున్నర మీటర్లు. 12 నిమిషాల్లో 0.9 మీటరు.

దీన్నిబట్టి రెండు విషయాలు తేలతాయి. మొదటిది, ఈ తీవ్రతతో పడి 12 నిమిషాల లోపు ఆగిపోయే జల్లు పైకి రాదు, పొర మింగేస్తుంది. రెండోది, పొర అంచు దగ్గర మొదట నిండి మెల్లగా పైకి పాకుతుందని చాలామంది అనుకుంటారు, అది సరికాదు. ఎగువ అంచు నుంచి 0.9 మీటరు వదిలేస్తే మిగతా వెడల్పంతా దాదాపు ఒకేసారి నిండుతుంది. ఎగువ నుంచి వచ్చే కబురు ఇంకా అక్కడికి చేరలేదు, ఎక్కడ పడ్డ వాన అక్కడే పేరుకుంటోంది.

దిగువ అంచు దగ్గర మాత్రం ఇంకో సంగతి ఉంది. అక్కడ నీళ్ళు స్వేచ్ఛగా బయటికి పడితే మట్టం వంగుతుంది. ఆ వంపు ప్రభావం సుమారుగా మందం ÷ వాలు, అంటే 2 మీటర్ల దాకా లోపలికి ఉంటుంది. 7 మీటర్ల రోడ్డులో 2 మీటర్లు చిన్న సంగతి కాదు. అందుకే ఒట్టి కైనమాటిక్ వేవ్‌తో (రోడ్డు వాలునే చూసి మట్టం వంపుని వదిలేసే పద్ధతి) సరిపెట్టుకోకుండా మీరు బూసినెస్క్ తీసుకోవడం మంచి పనే.

వానచుక్క:
పంతులు గారూ, పొర నిండే క్షణంలో నా మోడల్ ఊగుతోంది. మట్టం 50 మి.మీ. దాటగానే ఒక గడిలో 3 మి.మీ. పైకి, పక్క గడిలో కిందికి. టైమ్ స్టెప్ తగ్గిస్తే కొంచెం నయం, పూర్తిగా పోవడం లేదు.

పైథాన్_పంతులు:
నీటి మట్టాన్ని చలరాశిగా పెట్టుకున్నారు కదా? అక్కడే చిక్కు. పొర లోపల 1 మి.మీ. నీళ్ళు చేరితే మట్టం 5 మి.మీ. లేస్తుంది. పైకి వచ్చాక అదే 1 మి.మీ.కి 1 మి.మీ. మాత్రమే. 50 మి.మీ. గీత దాటగానే నిల్వ గుణకం 0.2 నుంచి 1కి దూకుతుంది. గీతను మధ్యలో దాటిన గడిలో మీ కోడ్ పాత గుణకమే వాడి, లేని నీళ్ళు పుట్టిస్తుంది.

గడిలో ఉన్న నీటి పరిమాణాన్ని చలరాశిగా పెట్టండి. అది 10 మి.మీ. కంటే తక్కువైతే 0.2తో భాగించి మట్టం తీయండి. ఎక్కువైతే 50కి ఆ మిగులు కలపండి. ప్రతి స్టెప్ చివర పడ్డ వాన = బయటికి పోయింది + లోపల ఉన్నది అని సరిచూడండి. ఇది కుదరకపోతే మిగతా గ్రాఫులు ఎంత అందంగా వచ్చినా నమ్మకండి.

పైన పలుచగా పారే నీళ్ళకి వేగం ఎక్కువ. 10 సెం.మీ. గడులతో ఎక్స్‌ప్లిసిట్‌గా (పాత స్టెప్ విలువలతోనే కొత్తవి లెక్కిస్తూ) చేస్తే పొర లోపలికి 2 సెకన్ల స్టెప్ సరిపోతుంది, పైన ప్రవాహం మొదలయ్యాక అర సెకను కూడా కష్టమే. ఇంప్లిసిట్‌కి (కొత్త స్టెప్ విలువలన్నీ కలిపి ఒకేసారి సాధించే పద్ధతికి) మారిపోండి.

గాలికబుర్లు:
నాదొక చిన్న డౌట్. పక్కకు పోవడం అంత కష్టమైతే నేలలోకే వదిలేయొచ్చుగా? భూగర్భ జలాలు కూడా పెరుగుతాయి. మా కాలనీలో వాన పడితే మోకాళ్ళ లోతు నీళ్ళు, మూడేళ్ళుగా అర్జీలు పెడుతున్నాం, పట్టించుకునే నాథుడు లేడు.

రిటైర్డ్_డీఈ:
అది వేరే రకం రోడ్డు బాబూ. తారు పొర కింద అడుగో రెండడుగులో ఒకే సైజు కంకర పోసి, అందులో నీళ్ళు నిలవబెట్టి, నెమ్మదిగా నేలలోకి ఇంకనివ్వడం. అమెరికాలో 1970ల నుంచి పార్కింగ్ స్థలాలకి చేస్తున్నారు. తేలికపాటి బండ్లకి బాగుంటుంది.

ఈ అమ్మాయి చెబుతున్నది హైవే మీద వేసే పలుచటి పై పొర. దీనికి కింద పొరలోకి చుక్క కూడా దిగకూడదు. దిగితే కింద ఉన్న కంకర నుంచి తారు ఊడిపోతుంది, రోడ్డు నడుం విరుగుతుంది. అందుకే ముందు కింది పొరను బాగా సీల్ చేసి తర్వాతే ఇది వేస్తారు. మనకి సగం జిల్లాల్లో నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే అరచెయ్యి దూరేంత పగులుతుంది. ఆ నేల మీద కావాలని నీళ్ళు ఇంకించే హైవే ఎవరూ కట్టరు.

మోడరేటర్:
కాలనీల మునక గురించి వేరే థ్రెడ్ నడుస్తోంది, అర్జీల సంగతి అక్కడ రాయండి. ఇక్కడ పోరస్ పొర వరకే.

తారుడబ్బా:
డచ్‌గడ్డ గారి లెక్కలో ఒకటి వదిలేశారు. రోడ్డు పొడవునా కూడా గ్రేడియెంట్ ఉంటుంది. 4 శాతం ఎత్తు మీద నీళ్ళు ఇంకా జోరుగా దిగుతాయి కదా, 6.4 పెరగాలి.

డచ్‌గడ్డ:
మంచి ప్రశ్న. జవాబు చూస్తే వింతగా ఉంటుంది.

క్యాంబర్ 2.5, గ్రేడియెంట్ 4 శాతం అయితే నీళ్ళు నడిచేది ఆ రెండూ కలిసిన ఏటవాలు దారిలో. ఆ దారి వాలు 4.72 శాతం, దాదాపు రెట్టింపు. సంతోషమే. కానీ నీళ్ళు ఇప్పుడు అడ్డంగా 7 మీటర్లు కాదు, ఏటవాలుగా 13.2 మీటర్లు నడవాలి. దారి పొడవునా వాన పడుతూనే ఉంటుంది. వాలు ఎన్ని రెట్లు పెరిగిందో దారి కూడా సరిగ్గా అన్ని రెట్లే పెరిగింది, రెండూ కొట్టేసుకుపోయాయి. మళ్ళీ 6.4 దగ్గరే ఉన్నాం. గ్రేడియెంట్ ఎంతయినా వాలు ÷ దారి ఎప్పుడూ క్యాంబర్ ÷ వెడల్పుకే సమానం.

ఇది ఒకే తీరుగా వాలిన రోడ్డుకి. వంపు దగ్గర సూపర్ ఎలివేషన్ (మలుపులో రోడ్డుకి ఇచ్చే అడ్డ వాలు) ఒకవైపు నుంచి ఇంకోవైపుకి తిరిగేచోట క్యాంబర్ ఒక క్షణం సున్నా అవుతుంది. పల్లపు వంపు అడుగున గ్రేడియెంట్ సున్నా. ఆ రెండూ ఒకే చోట కలిస్తే నీళ్ళకి ఎటు పోవాలో దారే ఉండదు. రెండు దిశల మోడల్ నిజంగా అవసరమయ్యేది అక్కడే.

తారుడబ్బా:
కాగితం మీద వేసి చూశాను. నిజమే. పాతికేళ్ళుగా గ్రేడియెంట్ ఉంది కదా పర్లేదు అంటూనే ఉన్నాం.

ఆస్టిన్_గోంగూర:
ఆలస్యంగా చూశాను. వానచుక్కా, నువ్వు చేస్తున్న పని మీద ఇక్కడ టెక్సస్‌లో బాగా పని జరిగింది. వీళ్ళు పీఎఫ్‌సీ అంటారు, పర్మియబుల్ ఫ్రిక్షన్ కోర్స్. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో చార్బెనో, బారెట్ 2008లో స్థిర స్థితి సమీకరణం సాధించి చూపించారు. ఆ తర్వాత అక్కడే పెర్ఫ్‌కోడ్ అనే మోడల్ వచ్చింది. పొర లోపల బూసినెస్క్, పైన డిఫ్యూజన్ వేవ్ (రోడ్డు మీద పలుచగా పారే నీటి సమీకరణం), రెండూ కలిపి, రెండు దిశల్లో, క్రాంక్–నికల్సన్ అనే ఇంప్లిసిట్ పద్ధతిలో. నీ మోడల్‌కి అన్నయ్య లాంటిది, దాంతో పోల్చి చూసుకో.

నీ పర్మియబిలిటీ గురించి ఒక మాట. ఫాలింగ్ హెడ్‌లో నీళ్ళు కోర్ గుండా దూకుతూ పోతాయి. సెకనుకు 1 సెం.మీ. వేగం, సెంటీమీటరు సైజు కంకర అనుకుంటే రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహంలో జడత్వానికీ జిగటకీ ఉన్న నిష్పత్తి) 100 దాకా వస్తుంది. ఆ వేగంలో డార్సీ సూత్రం చెల్లదు. జడత్వం వల్ల అదనపు నిరోధం వస్తుంది, దానికే ఫోర్ష్‌హైమర్ పదం కలుపుతారు. రోడ్డు మీద వాలు 0.025 మాత్రమే, అక్కడ రేనాల్డ్స్ సంఖ్య రెండు మూడుకి మించదు. ఫలితం ఏమిటంటే, ల్యాబ్‌లో ప్రవాహాన్ని హెడ్‌తో (నీటి ఎత్తుతో) నేరుగా భాగించి తీసిన పర్మియబిలిటీ, రోడ్డు మీద నిజంగా పనిచేసేదానికంటే తక్కువ చూపిస్తుంది. వేర్వేరు హెడ్‌ల దగ్గర కొలిచి, ఫోర్ష్‌హైమర్ గీత గీసి, వేగం సున్నాకి దగ్గరయ్యేచోట విలువ తీసుకో.

ఇంకోటి, నువ్వు కొలిచింది నిలువు పర్మియబిలిటీ. రోలర్ తొక్కిన మిక్స్‌లో కంకర పడుకునే తీరు వల్ల అడ్డంగా అదే విలువ ఉంటుందన్న నమ్మకం లేదు. కోర్‌ని పక్కకు తిప్పి కొలవగలిగితే మరీ మంచిది.

వానచుక్క:
అక్కా, వేర్వేరు హెడ్‌ల రీడింగులు నా దగ్గర ఉన్నాయి, సగటు తీసి వదిలేశాను. ఇప్పుడు గీత గీస్తాను. విలువ 2 లేదా 3కి పెరిగితే?

ఆస్టిన్_గోంగూర:
3 అయితే 6.4 కాస్తా 19 అవుతుంది. మీ 20 మి.మీ. వానకి దాదాపు సరిపోయినట్టే. కానీ అది కొత్త రోడ్డు. దుమ్ము పట్టి పర్మియబిలిటీ పదో వంతుకి పడితే మళ్ళీ 2 దగ్గరికి వస్తుంది. అందుకే ఒక్క విలువ పట్టుకుని కూర్చోకుండా సెకనుకు 0.1 నుంచి 3 సెం.మీ. దాకా నడిపి, గ్రాఫ్ గీసి రివ్యూలో పెట్టు.

రిటైర్డ్_డీఈ:
నేనొకటి అడుగుతాను. అంచు దగ్గర నీళ్ళు స్వేచ్ఛగా బయటికి పడతాయని అందరూ ఎంత ధీమాగా రాస్తున్నారు! మన రోడ్ల అంచు ఎప్పుడైనా వంగి చూశారా?

కొత్తగా వేసినప్పుడు తారు అంచు కంటే రోడ్డు పక్కనుండే మట్టి షోల్డర్ రెండంగుళాలు కిందికి ఉంటుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి ట్రాక్టర్ల బురద, ఎండుగడ్డి, ఇసుక చేరి షోల్డరే రోడ్డు కంటే ఎత్తవుతుంది. దాని మీద గరిక మొలుస్తుంది. పోరస్ పొర అంచు ఆ గరిక వేళ్ళ వెనక ఎక్కడో పూడుకుపోయి ఉంటుంది. ఊళ్ళ దగ్గరైతే ఏకంగా కెర్బ్ రాయి కట్టేస్తారు. ఇక నీళ్ళు ఎటు పోతాయి?

రెండోది ప్యాచ్‌లు. గుంత పడిందంటే మన వాళ్ళ దగ్గర ఉండేది మామూలు డెన్స్ మిక్స్, దాన్నే చతురస్రంగా కోసి నింపుతారు. పోరస్ పొరలో అది చిన్న ఆనకట్ట. ఎగువ నుంచి వచ్చే నీళ్ళు దానికి కొట్టుకుని, ప్యాచ్‌కి పైవైపున రోడ్డు మీదకి ఉబికి వస్తాయి. తప్పనిసరిగా డెన్స్ మిక్సే పెట్టాల్సి వస్తే ప్యాచ్‌ని వజ్రం ఆకారంలో కోయాలి. కోణం ఎగువకి ఉంటే నీళ్ళు రెండు పక్కలకి చీలి పోతాయి. చతురస్రం కోసినంత సులువు కాదు కాబట్టి ఎవరూ కోయరు, అది వేరే కథ.

మోడల్‌లో ఆ రెండూ పెట్టమ్మా. అంచు మూసుకుపోయిన కేసు, మధ్యలో ప్యాచ్ ఉన్న కేసు.

డచ్‌గడ్డ:
డీఈ గారు చెప్పింది అక్షరాలా నిజం. నెదర్లాండ్స్‌లో జాతీయ రహదారుల్లో చాలా భాగం ఈ పొరే, ఇక్కడ జోఆబ్ అంటారు. 20 శాతం ఖాళీ, 50 మి.మీ. మందం, మీ లెక్కలోదే. అసలు ఇన్ని రోడ్లకి వేసింది ముఖ్యంగా చప్పుడు తగ్గడానికి. నీళ్ళ విషయంలో ఇక్కడి అనుభవం ఏమిటంటే, వేగంగా బండ్లు పోయే లేన్లు తమను తామే శుభ్రం చేసుకుంటాయి. తడి రోడ్డు మీద టైరు ముందు ఒత్తిడి, వెనక పీల్పు. ఆ పంపింగ్‌కి రంధ్రాల్లోని మురికి బయటికి వస్తుంది. పూడుకుపోయేది ఎమర్జెన్సీ లేన్, ఎందుకంటే దాని మీద బండ్లు తిరగవు. నీళ్ళన్నీ బయటికి పోవాల్సింది మాత్రం దాని గుండానే! అందుకే ఆ ఒక్క లేన్‌ని ప్రత్యేకంగా ప్రెషర్ నీళ్ళతో కడిగి వాక్యూమ్‌తో లాగుతారు.

కాబట్టి పూడికని మోడల్ చేసేటప్పుడు వెడల్పంతా ఒకేలా పర్మియబిలిటీ తగ్గించకండి. అంచు వైపు 1 మీటరులో బాగా తగ్గించి, లేన్లలో తక్కువ తగ్గించండి. మొత్తం సామర్థ్యాన్ని నిర్ణయించేది ఆ చివరి మీటరే.

ఇక్కడి వాన మనలాంటిది కాదని కూడా గుర్తుంచుకోండి. హైదరాబాద్‌కీ ఇక్కడికీ ఏడాది వర్షపాతం అటూ ఇటూగా 800 మి.మీ. ఇక్కడ అది పన్నెండు నెలలూ చినుకు చినుకుగా పడుతుంది, హైదరాబాద్‌లో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే, అదీ కొన్ని గట్టి వానల్లో.

పైథాన్_పంతులు:
వానల మాట వచ్చింది కాబట్టి, రోజు మొత్తం వర్షపాతం ఈ మోడల్‌కి పనికిరాదు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 గంటల్లో 240 మి.మీ. పైన పడింది. సగటు తీస్తే గంటకు 10 మి.మీ., చూడటానికి ఎంతో నెమ్మదిగా ఉంది. మీ పొర 12 నిమిషాల్లో నిండేది, కాబట్టి 5 నిమిషాలకో, 15 నిమిషాలకో ఒకసారి నమోదైన వాన కావాలి. ఆటోమేటిక్ వర్షమాపకాల డేటా దొరికితే అది వాడండి, దొరకకపోతే ఐడీఎఫ్ గ్రాఫుల (ఎంత తీవ్రత వాన ఎంతసేపు, ఎన్నేళ్ళకోసారి పడుతుందో చూపేవి) నుంచి డిజైన్ వాన తయారు చేసుకోండి.

గాలికబుర్లు:
ఇదంతా చదివాక సామాన్యుడిగా అడుగుతున్నా. కుండపోత వానకి ఎలాగూ మునిగేదానికి ఇంత ఖర్చు దేనికి?

డచ్‌గడ్డ:
అడగాల్సిన ప్రశ్నే. అంకెలతో చెబుతాను, పర్మియబిలిటీ సెకనుకు 1 సెం.మీ. అనుకుని.

గంటకు 5 మి.మీ. వాన: మామూలు రోడ్డు అంచు దగ్గర పావు మి.మీ. నీటి పొర పారుతుంది, పోరస్ రోడ్డు మీద ఏమీ ఉండదు. గంటకు 50 మి.మీ. వాన ఆగకుండా పడితే: మామూలు రోడ్డు మీద 0.95 మి.మీ., పోరస్ మీద 0.88. తేడా ఏమీ లేదన్నట్టే. మ్యానింగ్ గుణకం (తలం గరుకుదనాన్ని చెప్పే సంఖ్య) రెండింటికీ 0.015 వేశాను. గరుకు తలం వల్ల పోరస్‌కి కొంచెం ఎక్కువ వేస్తే ఆ తేడా కూడా పోతుంది.

కాబట్టి లాభమంతా చిన్న, మధ్యస్థ వానల్లోనూ, పెద్ద వాన మొదటి పది నిమిషాల్లోనూ ఉంది. బ్రేకులు జారే ప్రమాదం చిన్న వానల్లో కూడా తక్కువేం కాదు, ఏడాదిలో అలాంటి గంటలే ఎక్కువ.

ఆస్టిన్_గోంగూర:
చిన్న సవరణ. ఆ లోతుల్లో పైన పారే నీటి రేనాల్డ్స్ సంఖ్య వంద లోపే, అంటే లామినార్ (సుడులు లేని నిలకడైన ప్రవాహం). మ్యానింగ్ అక్కడికి సరిగ్గా సరిపోదు, వాన చినుకుల తాకిడి కూడా ప్రవాహాన్ని నెమ్మదింపజేస్తుంది. లోతులు నువ్వు చెప్పినదానికంటే మారతాయి, కానీ వాదన మారదు.

గాలికబుర్లు గారూ, ఖర్చు లెక్కలో ఇంకో పద్దు కూడా వేసుకోండి. ఆస్టిన్‌లో లూప్ 360 అనే రోడ్డు మీద ఈ పొర వేసి, రోడ్డు నుంచి పారే నీళ్ళను పట్టి పరీక్షిస్తే, నీటిలో తేలే మట్టి, మడ్డి మామూలు తారు రోడ్డుతో పోలిస్తే 90 శాతం దాకా తగ్గాయి. తుంపర లేవకపోవడంతో బండి అడుగున పేరుకున్న మురికి కడిగినట్టు కొట్టుకురావడం తగ్గింది, కొంత పొరలోనే ఆగిపోయింది.

తారుడబ్బా:
వేసేవాళ్ళ బాధ కూడా వినండి. ఈ మిక్స్‌లో సన్న కంకర, డస్ట్ దాదాపు ఉండవు. మామూలు తారు కలిపితే ప్లాంట్ నుంచి సైటుకి వచ్చేలోపు తారంతా జారి టిప్పర్ అడుగుకి చేరుతుంది. పేవర్‌లోకి దించితే ముందు ఒట్టి రాళ్ళు, చివర్లో నల్లటి బంక. అందుకే పాలిమర్ కలిపిన బిటుమెన్, సెల్యులోజ్ ఫైబర్ తప్పనిసరి. రోలర్ కూడా వైబ్రేషన్ లేకుండా తొక్కాలి, లేకపోతే రాయి పగిలి ఖాళీలు మూసుకుంటాయి. 20 శాతం ఖాళీ అని డ్రాయింగ్‌లో రాయడం తేలిక. ఓవర్‌లోడ్ లారీలు తిరిగే రోడ్డు మీద పై రాళ్ళు ఊడిపోకుండా ఎన్నాళ్ళు నిలబడుతుందనేదే నా అసలు భయం.

డచ్‌గడ్డ:
ఇక్కడ కూడా ఈ పొర ప్రాణం తీసేది అదే. పూడిక కంటే ముందు రాళ్ళు ఊడటం వల్లే మార్చేస్తారు. చలికాలంలో మంచు కట్టకుండా చల్లే ఉప్పు కూడా ఎక్కువ కావాలి.

వానచుక్క:
అందరికీ మరోసారి థాంక్స్. పంతులు గారు చెప్పినట్టు నీటి పరిమాణాన్ని చలరాశిగా మార్చి, ఇంప్లిసిట్ చేశాక ఊగడం ఆగిపోయింది, వాన లెక్క సరిపోతోంది. గైడ్‌కి మిల్లీలీటర్ల లెక్క చూపిస్తే కాసేపు కాగితం కేసి చూసి "అయితే టైటిల్ మార్చు" అన్నారు.

కొత్త రన్ ఒకటి పెడుతున్నాను. పర్మియబిలిటీ 1 దగ్గరే ఉంచి, గంటకు 60 మి.మీ. చొప్పున 10 నిమిషాల జల్లు, 45 నిమిషాల తెరిపి, మళ్ళీ అదే జల్లు. మొదటి జల్లు పొరని అంచుల దాకా నింపి ఆగింది, పైకి ఏమీ రాలేదు. తెరిపిలో పొర ఎగువ నుంచి ఖాళీ అవుతూ వచ్చింది, 45 నిమిషాలకి సుమారు మూడున్నర మీటర్ల దాకా. దిగువ సగం మాత్రం, అంచు దగ్గర వంపు వదిలేస్తే, ఇంకా నిండుగానే ఉంది. రెండో జల్లు పడగానే దిగువన ఉన్న ఎడమ లేన్ మీద నీళ్ళు వెంటనే తేలాయి, కుడి లేన్ పైన తడి మాత్రమే.

రిటైర్డ్_డీఈ:
బైకులు పోయేది ఆ ఎడమ అంచునే. ఈ ఒక్క గ్రాఫ్ మొదటి పేజీలో పెట్టు. అంచు తెరిచి ఉన్నట్టు నడిపావా, మూసి ఉన్నట్టా?

వానచుక్క:
తెరిచి ఉన్నట్టే సార్. మూసి నడిపితే చివరి 2 మీటర్లలో వచ్చే వంపు పోతోంది, మట్టం నేరుగా రోడ్డు పైకి వచ్చి అక్కడే పారుతోంది. తెరిపిలో పొర ఎంతసేపటికీ పూర్తిగా ఖాళీ కావడం లేదు.

రిటైర్డ్_డీఈ:
మన రోడ్లకి మూసిందే అసలు కేసు, తెరిచింది ఆదర్శం. రెండూ పక్కపక్కనే పెట్టు. డిజైన్ సూచనల్లో ఇలా రాయి: పోరస్ పొరని కింద డెన్స్ పొర అంచుకి కొంచెం లోపలే ఆపాలి, 50 మి.మీ. మెట్టు బయటికి కనబడాలి, షోల్డర్ ఆ మెట్టు కంటే కిందికి ఉండాలి. కెర్బ్ కట్టక తప్పని చోట దాని పక్కన కంకర నింపిన సన్న కాలువ, అందులో చిల్లుల పైపు, పైపు చివర కల్వర్టు దాకా. ఆ పైపుని మోడల్‌లో పెట్టడం కష్టమా?

పైథాన్_పంతులు:
కష్టం కాదు సార్. పైపు తనలోకి వచ్చేదంతా మోయగలిగితే అంచు తెరిచి ఉన్నట్టే లెక్క, చివరి గడిలో మట్టం సున్నా. పైపుకి సామర్థ్యం తక్కువైతే ఆ పరిమితినే చివరి గడికి అవుట్‌ఫ్లోగా ఇస్తే సరి. నిండా నీళ్ళున్న పొర మీటరుకి సెకనుకు 12.5 మిల్లీలీటర్లు ఇస్తుంది కాబట్టి 100 మీటర్లకి ఒక అవుట్‌లెట్ పెడితే సెకనుకు లీటరుంబావు. పొర కోసమైతే మామూలు పైపే చాలు. పైన పారే నీళ్ళు కూడా అందులోకే వస్తాయంటే మాత్రం, గంటకు 50 మి.మీ. వానకి అదే 100 మీటర్ల నుంచి సెకనుకు పది లీటర్ల దాకా వస్తాయి, ఆ సైజు వేరే చూసుకోవాలి.

వానచుక్క:
రెండు కేసులూ విడివిడిగా నడుపుతాను. ప్యాచ్ ఉన్న కేసుకి రెండో దిశ కావాలి కదా, దానికి గడులు ఎంత సైజు పెట్టమంటారు?

పైథాన్_పంతులు:
ప్యాచ్ చుట్టూ 5 సెం.మీ., మిగతా చోట 20. ముందు చతురస్రం ప్యాచ్ నడపండి, తర్వాత అదే వైశాల్యంతో వజ్రం ఆకారం. గ్రాఫులు వచ్చాక ఇక్కడే పెట్టండి, డీఈ గారు చూస్తారు.